గ్లాసు మీది అట్టబిళ్ల

కానీ మూడు కిలోలు ఉండదు, రెండు కిలోల ఎనిమిది వందలు, డబ్బా బరువు తీసేస్తే ఇంకా తక్కువే, అనుకున్నాడు ఓతకార్ స్టేషను ఎదుటి హోటల్లో గుడ్డసంచిని పక్క కుర్చీలో పెడుతూ. ముప్పై నాలుగేళ్లు కొలతల తనిఖీ ఆఫీసులో తూనికరాళ్లు ఎత్తిన చెయ్యి, దేన్ని పట్టుకున్నా బరువు చెప్పేస్తుంది, ఎవరూ అడక్కపోయినా. పొద్దున దహనవాటిక కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి "ఇక్కడ సంతకం, కింద కూడా, గట్టిగా నొక్కి రాయండి" అంటూ, పది నెలలుగా అక్కడే పడి ఉన్న ఆ నల్ల డబ్బాని బల్ల మీద ముందుకి జరిపినప్పుడూ చేతికి ముందు తట్టింది బరువే. తమ్ముడన్న మాట ఆ తర్వాత తట్టింది, చాలా తర్వాత, రైలు కదిలి బొగ్గు గుట్టలు వెనక్కి పోయాక. తొంభై కిలోల మనిషి. సంచి కుర్చీలో ఒక పక్కకి ఒరిగింది. సరిచేశాడు. మళ్లీ ఒరిగింది. విలేమ్ ఎప్పుడూ ఇంతే, ఏ కుర్చీలోనూ నిటారుగా కూర్చున్న పాపాన పోలేదు, నాన్న వెనక నుంచి వచ్చి వీపు మీద ఒక్కటి వేస్తే రెండు నిమిషాలు కర్రలా ఉండి మళ్లీ మెల్లిగా కిందికి జారేవాడు, జారుతూ ఓతకార్ వైపు చూసి ఒక కన్ను మూసేవాడు. విల్దా అనేవాళ్లు ఇంట్లో. ఏడాదయింది ఆ పేరు పైకి పలికి. కాదు, ఆరేళ్లయింది.

గోడ గడియారం పన్నెండూ పది చూపిస్తోంది. ప్షెరోవ్‌లో రైలు మారాలి, బ్రనో బండి ఒంటిగంటా ఇరవై రెండుకి. అది ఎక్కితే మూడింటికల్లా ఇల్లు, రేపంతా డబ్బా గరాజులో, ఎందుకంటే ఇంట్లో వద్దంది భార్య హెద్వికా, "నాకు నిద్ర పట్టదు ఓతా, తప్పుగా అనుకోకు" అంది, ఆమె మంచిదే, నిద్ర పట్టదంటే నిజంగానే పట్టదు. సోమవారం ఊరి శ్మశానంలో బూడిద చల్లే పచ్చిక ఉంది కదా, అక్కడ. రాయి ఉండదు, పేరు ఉండదు, తోటమాలి వచ్చి చల్లి నీళ్లు కొట్టి పోతాడు, ఇవాళారేపు అందరూ చేసేదే, ఫోన్లో మాట్లాడి ఖాయం చేసేశాడు. ఇంకో బండి కూడా ఉంది. అది రెండూ నలభైకి, రెండే పెట్టెలు, జాలేసీ మీదుగా కొండల్లోకి పోతుంది. దాని టైము ఓతకార్ కావాలని చూడలేదు, బోర్డు మీద కంటబడింది. జాలేసీలో అమ్మా నాన్నా ఉన్నారు, ఒకే రాయి కింద. వాళ్ల పేర్ల కింద జానెడు చోటు వదిలిపెట్టాడు రాయి చెక్కినవాడు. అది పెద్దకొడుక్కి, అంది మేనత్త. ఎవరూ కాదనలేదు. కాదనాల్సినవాడు అప్పటికే బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్లిపోయాడు.

లావుపాటి సర్వరు బీరుగ్లాసు తెచ్చి అట్టబిళ్ల మీద పెట్టాడు. ఓతకార్ ఇంకా నోరు విప్పలేదు. విప్పనక్కర్లేదు. "తినడానికి?" అన్నాడు సర్వరు. "స్వీచ్కోవా." "మరి ఇంకేముంటుంది లెండి, శనివారం. రెండే ప్లేట్లు మిగిలాయి, ఒకటి మీ మొహాన రాసిపెట్టుంది" అని ఆవలి బల్ల మీద ఎంగిలి ప్లేట్లు ఎత్తుకుంటూ వెళ్లిపోయాడు. ఓతకార్ కళ్లు వాటంతటవి గ్లాసు మీద కొలత చూపే సన్నగీత దగ్గరికి పోయాయి. నురగ కింద బీరు సరిగ్గా గీతకి తగులుతోంది. ఎన్ని వందల హోటళ్లలో ఎన్ని వేల గ్లాసులు ఇలా కళ్లు గీతకి సమానంగా వంచి చూశాడో, వేలెడు తక్కువుంటే కాగితం రాసి చేతిలో పెట్టేవాడు, హోటలువాళ్లు వెనకాల తిట్టుకునేవాళ్లు. విల్దా నవ్వేవాడు. "మా అన్న బీరు తాగడు, కొలుస్తాడు" అని కొత్తగా పరిచయమైన ప్రతివాడికీ చెప్పేవాడు. చెప్పి భుజం మీద చెయ్యి వేసేవాడు, బరువైన చెయ్యి, వెచ్చటి చెయ్యి, వణకని చెయ్యి. అప్పటికి వణకని చెయ్యి.

ప్లేటు వచ్చింది. క్యారెట్లూ దుంపలూ మీగడలో మరిగి జల్లెడలోంచి దిగిన పులుసు, అందులో సగం మునిగి రెండు పలుచటి మాంసం ముక్కలు, మీద నిమ్మచక్రం, దాని మీద చెంచాడు క్రాన్‌బెర్రీ, కొంచెం మీగడ, పక్కన ఉడికించిన పిండికట్టని చక్రాల్లా కోసి పేర్చిన క్నెడ్లీకులు, ఆరు. లెక్కపెట్టాడు, లెక్కపెట్టకుండా ఉండలేడు కాబట్టి, ఆరోది చక్రం కాదు, చివరి ముక్క, పిండికట్ట కొస, ఒక వైపు గుండ్రంగా, నున్నగా, ఆవిరి పట్టి మెరుస్తూ. హోటళ్లలో కొసలు ఎవరికీ వడ్డించరు, వంటవాళ్లే నోట్లో వేసుకుంటారు. పొరపాటున వచ్చిందో, ప్లేట్లు అయిపోతున్నాయని వేశారో. ఓతకార్ ఫోర్కు దాని మీద ఆగిపోయింది. ఆదివారం పొద్దున వంటింట్లో కిటికీ అద్దాలన్నీ ఆవిరితో తెల్లబడేవి, అమ్మ తలుపు పక్క మేకుకి వేలాడే తెల్ల దారం తీసేది, వేడి పిండికట్ట కిందినుంచి దూర్చి పైన కొసలు మెలేసి లాగేది, చక్రం తెగి పక్కకి పడేది, కత్తి పెట్టనిచ్చేది కాదు, కత్తి పెడితే పిండి ఊపిరి పోతుందనేది. మొదటి కొస, చివరి కొస పక్కన పెట్టేది. కట్టకి రెండు కొసలు, ఇంటికి ఇద్దరు మగపిల్లలు, దేవుడు లెక్క తప్పడు, అనేది. విల్దా వాడి కొసని నిలబడే తినేసేవాడు, వేళ్లు కాలినా. ఓతకార్ తన కొసని ప్లేటు అంచున దాచి అన్నీ అయ్యాక తినేవాడు. అప్పుడు విల్దా గడ్డం బల్లకి ఆనించి ఆ ముక్కనే చూస్తూ ఉండేవాడు, అడిగేవాడు కాదు, అడిగితే ఇచ్చేవాడేమో, అడగలేదు కాబట్టి ప్రతి ఆదివారం, ప్రతి ఆదివారమూ వాడి కళ్ల ముందే నెమ్మదిగా నమిలాడు. పదేళ్లవాడు. ఏడేళ్లవాడు. ఎందుకలా తిన్నాడో. రుచి కోసమైతే కాదు, ఇది తెలుసు.

పులుసు తియ్యగా ఉంది. అమ్మ చేసింది నాలిక చివర కొంచెం పుల్లగా తగిలేది. ఒక చక్రం ముంచి తిన్నాడు, ఇంకోటి. ఆకలిగా ఉండటం సిగ్గనిపించింది. తమ్ముణ్ణి సంచిలో పెట్టుకొచ్చి లొట్టలు వేస్తున్నాడు, కానీ ఆకలి ఆకలే, శరీరానికి ఎవరు పోయారో తెలీదు, దానికి పన్నెండున్నర అయిందని తెలుసు.

"ఇది ఖాళీయేనా?"

తల ఎత్తాడు. డెబ్బై దాటిన ఆవిడ, ఒక చేతిలో కాగితంలో చుట్టిన తెల్ల చామంతులు, ఇంకో చేతిలో మైనపు దీపాలు గలగలలాడే సంచి. హోటలంతా ఇలాంటివాళ్లే ఇవాళ, చచ్చిపోయినవాళ్ల రోజులు, సమాధుల మీద పువ్వులూ దీపాలూ పెట్టే రోజులు, రైళ్ల నిండా చామంతి వాసన. ఖాళీయేనా అని ఈ దేశంలో రోజుకి లక్షమంది అడుగుతారు, జవాబు ఒక్కటే, ఖాళీయే, కూర్చోండి. ఓతకార్ నోరు ఆ జవాబు చెప్పేసింది. చేతులు సంచిని కుర్చీలోంచి తీసి నేల మీద, కాళ్ల మధ్య పెట్టేశాయి. అంతా అయిపోయాక గానీ తను చేసిందేమిటో మనసుకి అందలేదు.

"నీ కడుపు చల్లగా, తిను నాయనా, నాకోసం ఆపకు" అంది ఆమె కూర్చుంటూ. కోటు విప్పలేదు. "అబ్బ, కాళ్లు. మా ఆయన ఒక ఊళ్లో, అత్తగారు ఇంకో ఊళ్లో, మా అన్న మరో మూల. బతికున్నప్పుడు ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే కొట్టుకునేవాళ్లు, పోయాక కూడా ఒక చోట పడుకోరు. మధ్యలో నా టిక్కెట్లు." సర్వరుని కేకేసింది. "బాబూ, స్వీచ్కోవా ఉందా, ఈయనకి ఇచ్చి నాకు లేదంటే ఊరుకోను." ఉందన్నాడు సర్వరు, చివరి ప్లేటు. "చూశావా, మా ఆయన పంపించాడు. నా చేతి పులుసు తిని, బాగానే ఉంది, మా అమ్మ చేసినట్టు లేదు అనేవాడు. నలభై ఒక్క ఏళ్లు. ఇప్పుడు చెప్పమను, అమ్మ పక్కన కాదు, నా పక్కన చోటు కొనిపెట్టా." నవ్వింది. ఓతకార్ కూడా నవ్వాడు. ఆమె చూపు బల్ల కిందికి పోయింది. "ఏమిటి నాయనా, అంత భద్రంగా కాళ్ల మధ్య?"

"దోసకాయలు" అన్నాడు ఓతకార్. "ఊరేసిన దోసకాయల జాడీ. చుట్టాలిచ్చారు."

"అదృష్టవంతుడివి. ఈ ఏడు మాకు ఒక్క కాయ కాయలేదు."

ఎంత సులువుగా వచ్చింది ఆ మాట. వెతుక్కోనైనా వెతుక్కోలేదు. దోసకాయలు. ఆమె తన ప్లేటు మీదికి వంగింది, ఓతకార్ మడమలకి డబ్బా అంచు తగులుతోంది, బూట్లలోంచి కూడా చల్లగా తగులుతోందనిపించింది, నిజంగా తగలదు, తోలు మందం ఎంతో తనకి తెలుసు. తీశాడు తమ్ముణ్ణి కుర్చీలోంచి. మళ్లీ తీశాడు. అప్పుడూ ఇలాగే, చేతులే చేశాయి, మనసు తర్వాత వచ్చింది అని ఆరేళ్లుగా తనకి తను చెప్పుకుంటున్నాడు. జాలేసీలో, నాన్నని మట్టిలో పెట్టి వచ్చాక, చర్చి పక్క హోటల్లో పొడుగు బల్ల, ఇరవై మంది, ఇదే భోజనం, ఎవరు పోయినా ఇదే, ఎవరికి పెళ్లయినా ఇదే. విల్దా ఆలస్యంగా వచ్చాడు, ఎవరిదో జాకెట్టు, చేతులు పొడుగు, అంచులు మడిచాడు. ఓతకార్ ఎదురుగా కూర్చున్నాడు. మొదటి గ్లాసు తెచ్చి పెట్టారు. ఎత్తబోతే చెయ్యి ఊగింది, గ్లాసు ప్లేటు అంచుకి తగిలి ఖంగుమంది, బీరు తొణికి మేనత్త తెల్ల బల్లగుడ్డ మీద పడింది, పసుప్పచ్చ మరక నెమ్మదిగా పాకుతూ. అందరూ చూశారు. అందరికీ తెలుసు విల్దా కథ, ఒకప్పుడు తాగేవాడు, ఉద్యోగం పోయింది, పెళ్లాం పోయింది. మళ్లీ మొదలెట్టాడన్నమాట, తండ్రిని పూడ్చిన రోజున. ఓతకార్ తన ముందున్న అట్టబిళ్ల తీసుకుని, బల్ల మీదుగా చెయ్యి చాచి, తమ్ముడి గ్లాసు మీద పెట్టాడు. మూత పెట్టినట్టు. "వాడికి చాలు" అన్నాడు సర్వరుతో.

ఎవరి గ్లాసు మీద వాళ్లే పెట్టుకోవాలి అట్టబిళ్ల. అది పెట్టేదాకా గ్లాసులు వస్తూనే ఉంటాయి, పెడితే ఆగుతాయి, ఇంతే, చంటిపిల్లలకి కూడా తెలుసు. పెళ్లాం కూడా మొగుడి గ్లాసు మీద పెట్టదు, మోకాలితో పొడుస్తుంది, కళ్లతో చెబుతుంది, చేత్తో పెట్టదు. ఇంకొకడి గ్లాసు మీద చెయ్యి చాచి పెట్టావంటే వాడు మనిషి కాదన్నట్టు. బల్ల చుట్టూ ఫోర్కులు ఆగిపోయాయి. ఆ చివరనుంచి బాబాయి ఒక్కడు నవ్వాడు, నవ్వి ఊరుకున్నాడు. విల్దా అట్టబిళ్ల వైపు చూశాడు. రెండు వేళ్లతో ఎత్తాడు, వేళ్లు ఊగుతున్నాయి, తీసేస్తాడనుకున్నారు అందరూ, తియ్యలేదు, మళ్లీ అలాగే పెట్టి, అంచులు గ్లాసు అంచులకి సమానంగా వచ్చేదాకా సరిచేశాడు, ఓతకార్ ఎలా సరిచేస్తాడో అలాగే. "కొలత సరిపోయిందా ఓతా?" అన్నాడు. మెల్లిగానే అన్నాడు. ఆ జాకెట్టు సరిచేసుకుని బయటికి నడిచాడు, కాళ్లు ఈడుస్తూ, చిన్న చిన్న అడుగులు, తాగినవాడి నడకే అనుకున్నారు. వాకిట్లో చెర్రీ పూలు రాలుతున్నాయి. ప్లేట్లో కొస మిగిలిపోయింది. ఓతకార్ చూశాడు, హోటలువాళ్లు ఎందుకు వేశారో, బహుశా మేనత్తే చెప్పి వేయించిందో, విల్దా ప్లేటు అంచున ఒక కొస, ముట్టకుండా.

జనవరిలో విల్దా పోయాక, వాడు అద్దెకున్న ఇంటామె ఇచ్చిన అట్టపెట్టెలో రెండు చొక్కాలు, రేడియో, మందుల డబ్బా. పేరు చదివి మందుల షాపు అమ్మాయిని అడిగాడు, ఇది దేనికి. "వణుకుకి. నరాల జబ్బు కదండీ, చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం. మీకా?" కాదు. డాక్టరు చీటీ మీద తేదీ ఉంది, మార్చి, నాన్న పోయిన ఏడాదే, భోజనానికి రెండు నెలల ముందు. ఎవరికీ చెప్పలేదు విల్దా. ఓతకార్ కూడా ఎవరికీ చెప్పలేదు, హెద్వికాకి కూడా, చీటీని మడిచి పనిముట్ల పెట్టె అడుగున పెట్టాడు. పది నెలలుగా దాని మీద రెంచీలు పెడుతున్నాడు, తీస్తున్నాడు. జబ్బని తెలీదు కదా, తెలిస్తే చేస్తానా, అని ఒక గొంతు. ఆ గొంతుకి పది నెలలుగా తలూపుతున్నాడు. ఇప్పుడు ఈ తియ్యటి పులుసు మీద తెట్టు కడుతుంటే, పక్కన ముసలామె నిమ్మచక్రం చీకుతుంటే, తలూపడం చేతకాలేదు. ఎందుకంటే గ్లాసు చూశాడు. ముందు గ్లాసే చూశాడు, చెయ్యి చాచే ముందు, ఎప్పుడూ చూసినట్టే. నురగ అంచు అలాగే ఉంది, తొణికిన మేరకే గీత కింద రెండు వేళ్లు తగ్గింది. వాడింకా పెదవికి ఆనించలేదు. అది వాడి మొదటి గ్లాసు. తాగనివాడు తాగలేదని ఈ ప్రపంచంలో ఎవరికైనా కొలిచినట్టు తెలుసంటే ఓతకార్‌కే తెలుసు. తెలిసే పెట్టాడు.

ఎందుకంటే నాన్న. రెండేళ్లు తను ఎత్తాడు, తుడిచాడు, చెంచాతో తినిపించాడు, ఆఖరి వారం నాన్న కళ్లు తెరిచి చెయ్యి పట్టుకుని, "విల్దా, వచ్చావురా?" అన్నాడు. నేను ఓతకార్‌ని అంటే కాదు పొమ్మన్నాడు. ఆ, వచ్చాను నాన్నా, అన్నాడు ఓతకార్. నాలుగు రోజులు విల్దాగా ఉన్నాడు. నాన్న ఎంత హాయిగా పోయాడో, విల్దా చెయ్యి పట్టుకుని. తన కొస విల్దాకి ఇచ్చేశాడన్నమాట, చివరికి, ఒక్కసారి, కానీ తెలియకుండా తీసుకున్నవాడి మీద ఎంత కోపం వచ్చిందో. అట్టబిళ్ల పెట్టింది తాగుబోతు మీద కాదు, నాన్న పిలిచినవాడి మీద. మిగిలిన బీరు ఒక్క గుక్కలో తాగేశాడు, గ్లాసు ఖాళీ అయింది. సర్వరు అవతల్నుంచి చూశాడు. అలవాటు ప్రకారం ఓతకార్ చెయ్యి అట్టబిళ్ల తీసి గ్లాసు మీద పెట్టేసింది. ఒక్కటే, ఎప్పుడూ ఒక్కటే. సర్వరు చూపు తిప్పుకున్నాడు.

"ఆ కొస వదిలేశావేం?" అంది ఆమె, నోరు తుడుచుకుంటూ. "మా అన్నకి ప్రాణం."

"మా ఇంట్లో కూడా" అన్నాడు ఓతకార్. ఇంకేమో అనబోయాడు.

ఆమె అప్పటికే లేచింది, చామంతులు ఒకసారి దులిపింది, బల్ల మీద రెండు తెల్ల రేకులు రాలాయి. "నా బండొచ్చే వేళయింది. ఇదిగో, ఆ జాడీ నేల మీద పెట్టకు, నేల చల్లగా ఉంది, ఎవరి కాలైనా తగులుతుంది. పైన పెట్టు, నేను పోతున్నాగా, కుర్చీ ఖాళీ." పెట్టేదాకా చూస్తూ నిలబడింది. ఓతకార్ వంగి సంచి ఎత్తి కుర్చీలో పెట్టాడు. పక్కకి ఒరిగింది. "అంతే" అంది ఆమె, సంచి మీద ఒక్కసారి చేత్తో తట్టి, పిల్లవాణ్ణి తట్టినట్టు, వెళ్లిపోయింది.

ఒంటిగంటా ఎనిమిది. లేవాలి. కోటు తొడుక్కోవాలి, సంచి తీసుకోవాలి, రోడ్డు దాటాలి, నాలుగో ప్లాట్‌ఫారం. లేవలేదు. సోమవారం తోటమాలి నీళ్లు కొడతాడు. జానెడు చోటు, పెద్దకొడుక్కి. జానెడంటే ఎంత, పేరు ఒక వరస, ఏళ్లు ఒక వరస, అక్షరాలు కొంచెం చిన్నవి చేస్తే రెండు పేర్లు పట్టవా. పడతాయి. తను కొలిచాడు, ఎప్పుడో, తనకి కాదన్నట్టు నిలబడి వేళ్లతో కొలిచాడు. కిటికీ అవతల జనం స్టేషను మెట్లెక్కుతున్నారు, పువ్వులు నెత్తికి అడ్డం పెట్టుకుని, చినుకులు మొదలైనట్టున్నాయి. కొస చల్లారి గట్టిపడుతోంది. ముంచలేదు, తినలేదు, ప్లేటుని బల్ల మీద కొంచెం పక్కకి, కుర్చీ వైపుకి జరిపాడు.

"ఖాళీయేనా ఇది?" ఎర్ర జాకెట్టు మనిషి, చెయ్యి అప్పుడే కుర్చీ వీపు మీద వేశాడు, లాక్కుపోవడానికి, వెనక బల్ల దగ్గర వాళ్లావిడ నిలబడి ఉంది.

నోరు ఆ జవాబే చెప్పబోయింది. "కాదు" అన్నాడు ఓతకార్. గొంతు కొంచెం పెద్దగా వచ్చింది. "మా తమ్ముడున్నాడు."

ఆ మనిషి సంచిని చూశాడు, ఓతకార్ మొహం చూశాడు, చెయ్యి తీశాడు. "సరే సరే, ఏమీ అనుకోకండి." ఇంకో బల్ల దగ్గరికి పోయాడు. స్టేషనులోంచి మైకు గొంతు పలచగా వినిపించింది, బ్రనో, నాలుగో ప్లాట్‌ఫారం. సర్వరు దగ్గరికొచ్చి ప్లేటు మీద చెయ్యి వేశాడు. "అది ఉండనీ" అన్నాడు ఓతకార్. "ఇంకో బీరు."

సర్వరు మూత పెట్టిన గ్లాసు వైపు చూశాడు. "మీకు చాలన్నారుగా?"

"నాకు కాదు."

సర్వరు కుర్చీ వైపు చూశాడు. ఒక క్షణం చూశాడు. ఇవాళ ఇలాంటి సంచులు ఇంకా ఎన్ని చూశాడో. "పెద్దదా, చిన్నదా?" అన్నాడు.

"పెద్దది. వాడు చిన్నది తాగడు."

మైకు ఇంకోసారి బ్రనో అంది, ఆగిపోయింది. రైలు వచ్చిన చప్పుడుకి కిటికీ అద్దం సన్నగా వణికింది, వణికి వణికి, నెమ్మదిగా సర్దుకుంది. రెండూ నలభై దాకా చాలా టైముంది. జాలేసీలో దిగేసరికి చీకటి పడుతుంది, శ్మశానం నిండా దీపాలుంటాయి ఇవాళ, దారి కనిపిస్తుంది. సర్వరు నిండు గ్లాసు పట్టుకుని వచ్చి ఎక్కడ పెట్టాలా అని ఆగాడు, కుర్చీ ముందు బల్ల మీద అట్టబిళ్ల లేదు, కొస ఉన్న ప్లేటూ, రెండు తెల్ల రేకులూ, అంతే. ఓతకార్ గీత వైపు చూడలేదు. తన గ్లాసు మీది అట్టబిళ్ల తీసి, తమ్ముడి ముందు పరిచాడు.